చర్చిని మోసిన వంటిల్లు

మా ఊరి చర్చి ఉత్తరపు గోడకు ఫిలొమెన్ ఇల్లు అతుక్కుని ఉండేది. ఇంటికి వేరే వెనక గోడ లేదు, చర్చి గోడే దానికి గోడ. ఎండ తగలదు. చలికాలమంతా రాళ్లు చెమర్చేవి. ఫిలొమెన్ ఆ ఇంట్లోనే పుట్టింది, అక్కడే విధవరాలైంది, అరవై దాటాక దగ్గు పట్టుకుంది.

పన్నెండో శతాబ్దంలో సన్యాసులు కట్టినప్పుడు చర్చికి చెక్క కప్పే ఉండేదంటారు. అది తగలబడ్డాక రాతి కమాను ఎత్తారు. దక్షిణం వైపు లావాటి దన్నుగోడలు కట్టారు గాని ఉత్తరం వైపు కట్టలేదు. అక్కడ అప్పటికే సన్యాసుల వంటిల్లు ఉంది. ఫ్రెంచి విప్లవం రోజుల్లో మఠం ఆస్తులు అమ్మేసినప్పుడు ఆ వంటిల్లు ఫిలొమెన్ ముత్తాత చేతికి వచ్చింది.

1909లో మేయర్ వెర్జ్యాకి, చర్చి రోడ్డు మీంచి నిండుగా కనబడాలన్న ఆలోచన వచ్చింది. ఫిలొమెన్ గడపలో నిలబడి దాదాపు ఉపన్యాసమే మొదలుపెట్టాడు.

"ఏమిటమ్మా ఇది, అంత గొప్ప చర్చి పక్కన కోళ్లగూడులా?"

"ఉన్నవి కోళ్లే కదా మేయర్ గారూ. వాటితో పాటు నేనూ దగ్గుతున్నాను. ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారు?"

మేయర్‌కి మిగతా ఉపన్యాసం అవసరమే పడలేదు. ఆ ఇంటికి బదులుగా చాకిరేవు దగ్గర ఊరికి చెందిన ఇల్లొకటి ఆమెకు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఈస్టర్ వెళ్లగానే ఆమె మంచం, గిన్నెలు, కోళ్లు బండికెక్కించుకుని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

మేస్త్రీ ఒరెల్యెన్ ముందు పెంకులు దింపించాడు, తర్వాత పొయ్యి వైపు అడ్డగోడ పైవరసలు తీయించాడు. ఆ ఆదివారం పూజలో, ఫాదర్ గారు సువార్త చదువుతుండగా పుస్తకం మీద సున్నం రాలింది. తలెత్తి చూస్తే కమాను పొడుగునా పగులు. ఆయన ప్రసంగం మానేసి పూజ త్వరగా ముగించారు. బయటికి వచ్చి పగులు సంగతి వినేదాకా, ప్రసంగం తప్పడం తమ అదృష్టమే అని చాలామంది అనుకున్నారు.

పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు గోడ పక్కన గుండు కట్టిన దారం వేలాడదీసి చూశాడు.

"కమాను బరువుకి గోడ బయటికి ఒరుగుతోంది. ఇన్నాళ్లూ ఆపింది ఈ ఇంటి అడ్డగోడలే. ఇంకొక్క రాయి తీయకండి," అన్నాడు.

గోడకు దుంగలు దన్నుగా పెట్టించి, మేయర్ చాకిరేవు దగ్గరికి వెళ్లాడు.

"ఇల్లు పడగొట్టడం కుదరదమ్మా. కప్పు మళ్లీ వేయిస్తాను. మీ ఇంటికి మీరు వచ్చెయ్యండి, మా ఇల్లు మాకిచ్చెయ్యండి."

"రాను."

"చర్చి కూలిపోతే?"

"నేనేమన్నా స్తంభాన్నా? మోసేది గోడలు. అవి మీకిచ్చేశాను, ఉంచుకోండి."

మర్నాడు సాయంత్రం ఫాదర్ గారికి ఆమె ఆ కప్పులేని ఇంట్లో కనబడింది. పొయ్యి వెనక, మసిబారిన రాళ్ల మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"బాధగా ఉందా అమ్మా?"

"లేదు ఫాదర్. కోపంగా ఉంది. మా అమ్మ ఈ చెమ్మలోనే పోయింది. జబ్బుపడి పూజకు రాకపోతే, చర్చి గోడ పక్కనే ఉండి బద్ధకం అన్నారు. మన గోడలే చర్చిని నిలబెడుతున్నాయని ఒక్కరైనా చెప్పి ఉంటే తనకి కాస్త బాగుండేది."

"మాకెవరికీ తెలీదమ్మా."

"తెలీదని నాకూ తెలుసు. అందుకే ఎవరి మీద కోప్పడాలో తోచడం లేదు."

ఫాదర్ గారు అక్కణ్ణుంచి నేరుగా మేయర్ ఇంటికి నడిచారు. సర్కారు చర్చితో తెగతెంపులు చేసుకుని నాలుగేళ్లే అయింది, మేయర్లకీ ఫాదర్లకీ పడని రోజులవి. అయినా మేయర్ తలుపు తీశాడు. ఇద్దరూ చాలాసేపు గట్టిగా మాట్లాడుకున్నారు. ఆ తర్వాత, ఫిలొమెన్‌కి ఇచ్చిన ఇల్లు తిరిగి అడగకూడదని ఊరి సభలో తేలింది.

వేసవిలో ఒరెల్యెన్ తీసిన వరసలు మళ్లీ పేర్చాడు. వంటిల్లు, మెట్లసందు, పడకగది అన్నీ రాళ్లతో, సున్నంతో నింపి ఇంటినే దన్నుగోడ చేశాడు. తలుపు, కిటికీ మూసేశాడు. రోడ్డు మీంచి చూస్తే చర్చికి ఆ వైపు పెద్ద కణితి లేచినట్టుండేది. మేయర్ కోరుకున్న దృశ్యం ఇది కాదు. కమాను పగులు మాత్రం పెరగలేదు.

ఫిలొమెన్ చాకిరేవు ఇంట్లో మరో తొమ్మిదేళ్లు బతికింది. దగ్గు తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ఎండ పడే గుమ్మంలో కూర్చుని, బట్టలుతికే ఆడవాళ్లతో కబుర్లు చెబుతూ ఉండేది.