మామ పేరు

పొలోనియా ఏరు సముద్రంలో కలిసే చోట మోకాలిలోతు నీళ్ళలో నిలబడి కొబ్బరి పీచుతో చేమదుంపలు తోముతోంది. కూతురు సెసి కొట్టుకొచ్చిన కట్టెలు ఏరుతోంది. పొయ్యి ఆరిపోతే ఆ ఊళ్ళో అడిగేది ఆడవాళ్ళనే. మగవాళ్ళు తమ కొట్టంలో వక్క నములుతూ కూర్చుంటారు, ఆకలేసినప్పుడే వాళ్ళకి పొయ్యి గుర్తొస్తుంది.

పెళ్ళయిన రోజు అత్త చెప్పిన మొదటి మాట, “నోరు జాగ్రత్త పిల్లా. మీ మామ పేరు అందులోంచి రాకూడదు.” వాళ్ళ భాష మాట్లాడేది మూడు ఊళ్ళవాళ్ళే. ఉన్న గుప్పెడు మాటల్లోనూ కోడళ్ళ వాటా కొంత కోసేస్తారు. మామ పేరు వువాయ. మొసలిని పిలిచేదీ ఆ మాటతోనే. అందుకని ఆ ఇంటి ఆడవాళ్ళు మొసలిని దుంగ అంటారు. పొయ్యిలో పెట్టేదీ దుంగే, నీళ్ళలో పొంచి ఉండేదీ దుంగే. ఇదెక్కడి చోద్యమని అడిగితే మొగుడు లైనస్, “గౌరవమే, ఆ మాత్రం తెలీదా? నేను మీ నాన్న పేరు పలుకుతున్నానా?” అన్నాడు. నిజమే, అతనూ పలకడు. కాకపోతే ఆమె తండ్రిది ఒక పిట్ట పేరు. పిట్ట మనుషుల్ని తినదు.

అత్త మొదటి కూతురు లూసీ ఈ రేవులోనే కట్టె కోసం దిగి మునిగిపోయిందని ఇంట్లో చెప్పుకుంటారు. అత్త ఆ ఊసెత్తదు, ఈ రేవుకీ రాదు.

పొలోనియా తలెత్తేసరికి సెసి నడుములోతుకి దిగి ఉంది. కాస్త అవతల బురదనీళ్ళలో నల్లగా ఒకటి. దానికి కళ్ళున్నాయి. పొలోనియాకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నేళ్ళ అలవాటే నోట్లోంచి దూకింది.

“దుంగ! సెసీ, దుంగే!”

పిల్ల మొహం వెలిగిపోయింది. “చూశానమ్మా! తెస్తా ఉండు!” అంటూ దానివైపే నడిచింది.

అప్పుడు అరిచింది మామ పేరు. గొంతు చిరిగిపోయేలా, మళ్ళీ మళ్ళీ. సెసి చంకలోని కట్టెలు వదిలేసి ఒడ్డుకి పరిగెత్తింది. మొసలి నోరు ఆ కట్టెల మీద మూసుకుంది.

వణుకుతున్న పిల్లని ఎత్తుకుని ఇల్లు చేరేసరికి ఆ అరుపు ఆమెకన్నా ముందే చేరింది. మామ అరుగు మీద గోడవైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. లైనస్ ఎదురొచ్చాడు.

“ఏం నోరే అది? మా నాన్న ఊళ్ళో తలెత్తుకు తిరగాలా వద్దా?”

“పిల్ల దాని నోట్లో పడబోయింది! తెలుస్తోందా నీకు?”

“పడలేదుగా! జరిమానాగా నీ పందిని తోలుకొచ్చి నాన్న ముందు కట్టు, తప్పయిందని చెప్పు.”

పొలోనియా నిర్ఘాంతపోయింది. ఒక్కరూ పిల్ల ఒంటిమీద చెయ్యి వేసి చూడలేదు. తగిలిందా అని అడగలేదు. పిల్ల ప్రాణం లెక్కలోకే రాలేదు, పేరు మాత్రం వచ్చింది. నోట్లో ముద్ద పెట్టి పెంచుకున్న పందిపిల్ల అది. ఏం చేస్తోందో తనకే తెలియకుండా గుంజ దగ్గరికి వెళ్ళి తాడు విప్పింది.

అత్త వచ్చి పక్కన నిలబడింది. ఇక తిట్లేననుకుంది పొలోనియా.

“మొదట ఏమని అరిచావు?” అంది అత్త మెల్లగా.

“దుంగ అనే అత్తా. మీరు నేర్పిన మాటే.”

“పిల్ల ఏమంది?”

“తెస్తా ఉండు అంది.”

“మా లూసీ కూడా అదే అంది” అంది అత్త.

పొలోనియాకి అర్థమైంది. లూసీ మునిగిపోలేదు, మొసలి పాలైంది. దుంగ తర్వాత అరవాల్సిన రెండో మాట ఆ రోజు అత్త నోటికి రాలేదు. అది తెలిసీ, వచ్చిన కోడలికి అదే మాట నేర్పింది. కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఆ ముసలి మొహం చూశాక దాన్ని ఎవరిమీద పెట్టుకోవాలో తెలియలేదు.

పొలోనియా పంది తాడు మళ్ళీ గుంజకి కట్టేసింది. కూతుర్ని తీసుకెళ్ళి మామ కూర్చున్న అరుగు ముందే కూర్చోబెట్టుకుంది.

“సెసీ, నీళ్ళలో పొంచి ఉండేదాన్ని ఏమంటారు?”

పిల్ల భయంగా తాత వీపు వైపు చూసింది. “దుంగ.”

“కాదమ్మా” అంది పొలోనియా. ఈసారి అరవలేదు. ఏ చేప పేరో చెప్పినంత మామూలుగా చెప్పింది.

“వువాయ.”