నిలువు మేస్త్రి

వేకువన పడిన జల్లు ఆగింది గాని మబ్బు కదల్లేదు. వెలుతురు వడగట్టినట్టు సన్నగా దిగుతోంది. కొట్లో మేస్త్రి ఆఖరి కుర్చీ కాలికి చిత్రిక పడుతున్నాడు. పదకొండింటికి కోర్టులో అతనికి శిక్ష చెబుతారు. అయినా బడికి ఒప్పుకున్నవి ఇరవై కుర్చీలు. పందొమ్మిది చేసి పోవడం అతనికి చేతకాదు.

వీధిలో అతన్ని నిలువు మేస్త్రి అంటారు. పదహారేళ్లుగా ఊరందరికీ కుర్చీలు చేసిపెట్టినవాడు తను మాత్రం ఒక్కపూట కూర్చుని తినలేదు. పెరటి గుమ్మానికి ఆనుకుని, చెప్పులైనా విడవకుండా నాలుగు ముద్దలు మింగేవాడు.

"ఎవరో తరుముతున్నట్టు ఏం తిండయ్యా అది!" అని భార్య దెప్పేది. నిజంగానే తరుముతున్నారని ఆమెకు తెలియదు. పెళ్లికి ముందు, వేరే ఊళ్లో, కోతమిల్లులో మాటామాటా పెరిగి తోటి పనివాణ్ణి చెక్కతో కొట్టాడు. వాడి కుడిచెయ్యి మళ్లీ భుజం దాటి లేవలేదు. కోర్టు కాగితం అందిన రోజే ఇతను ఊరు దాటాడు, పేరు మార్చాడు.

పోయిన నెల భార్య కోసం కుర్చీ చేశాడు. "ముందు నువ్వు కూర్చో, చూస్తాను" అందామె. కూర్చోలేకపోయాడు. అక్కడే నిలబడి అంతా చెప్పేశాడు. మర్నాడు తనే ఠాణాకు నడిచాడు. పూచీకత్తు మీద వదిలారు.

కోర్టు వరండాలో వకీలు గొణిగాడు. "కాగితం అందలేదను. అప్పుడు పారిపోయినట్టు కాదు. ఏడాదితో బయటపడతావు."

"అందిందండీ. రెండుసార్లు చదివాను కూడా."

"అలాగంటే ఆ పదహారేళ్లూ నీ మెడకే చుట్టుకుంటాయయ్యా!"

"నావే కదండీ. ఇంకెవరి మెడకు చుట్టను?"

లోపల అసలు పేరుతో పిలిచారు. "నేనే" అన్నాడు. ఆ గొంతు విని వెనక వరసలో భార్య తలెత్తింది. ఏదీ దాచకుండా చెప్పాడు.

న్యాయమూర్తి నిదానంగా అన్నాడు. "బుద్ధిగా బతికావు, నీ అంతట నువ్వొచ్చావు. అందుకు కొంత తగ్గించాను. కానీ ఆ పదహారేళ్లూ, నీ దెబ్బకు చెయ్యి పోయి ఇక్కడ కూర్చున్న ఇతను తీర్పు కోసం కాచుకున్నాడు."

దెబ్బకు ఏడాది, పరారీకి రెండు. చెయ్యి పోయినవాడు మొదటిసారి ఇతని కళ్లలోకి చూసి తలాడించాడు.

జైలు వ్యాను రావడానికి అరగంట ఉంది. వరండా బల్ల మీద భార్య క్యారియర్ విప్పింది. అతను అలవాటుగా గోడకు ఆనుకున్నాడు.

"కూర్చుని తినవయ్యా" అన్నాడు జవాను. "నిలబడినందుకు జీతం నాకిస్తున్నారు."

ఆమె నవ్వి కళ్లు తుడుచుకుంది. "మూడేళ్లెంతలో పోతాయి! అబద్ధమాడి ఏడాదికే వచ్చుంటే నీ పక్కన కూర్చునేదాన్ని కాదు."

అతను చెవి మీది పెన్సిలు తీసి ఆమెకిచ్చాడు. "ఇది లోపలికి రానివ్వరట. ఇరవయ్యో కుర్చీకి వార్నిషు ఆరాక బడికి పంపు."

చెప్పులు విడిచాడు. బల్ల మీద కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. ఇద్దరూ తింటున్నారు. గేటు దగ్గర వ్యాను హారన్ మోగింది. జవాను తొందరపెట్టలేదు. ఆఖరి మెతుకు దాకా నిదానంగా తిన్నారు. వాళ్ల మధ్య, క్యారియర్ మూతలో, బొటనవేలంత మిగిలిన పెన్సిలు.