సుద్దబాణం

తమ్ముడి టిఫిన్ డబ్బా మూత తీయగానే ఆమెకు నవ్వొచ్చింది. లోపల అరచేతంత బొగ్గు పెళ్ల. దాని పక్కమీద తెల్లటి సుద్దతో గీసిన బాణం, బాణం అడుగున చిన్న అడ్డగీత.

"వీడికి ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది," అనుకుంది.

గని గేటు పక్కనే ఆమె ల్యాబు. పొద్దుటి షిఫ్టు ముగించుకుని ఇంటికి పోతూ తమ్ముడు డబ్బాను ఆమె బల్ల మీద పడేసి పోతాడు. కుదిరిన రోజు తాను తవ్వే సొరంగం చివర నుంచి ఓ పెళ్ల విరిచి అందులో వేస్తాడు. ఆఫీసు పంపే శాంపిళ్లన్నీ పొడి కొట్టినవే. పొడిలో బూడిద ఎంతో తెలుస్తుంది గానీ, ఏ పొర మీద ఏ పొర పడిందో తెలియదు. అందుకే ఆమెకు పెళ్ల కావాలి, దాని మీద పైకి చూపే బాణం కావాలి. పైదేదో కిందిదేదో తెలియకపోతే కోట్ల ఏళ్ల కథ తలకిందులైపోతుంది. ఈ మాట చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పెట్టింది. "తేవడమే ఎక్కువ, దానికి ముస్తాబు కూడా చేయాలా అక్కా?" అని నవ్వేసేవాడు వాడు.

పెళ్లను రెండుగా కోసి ఒక సగాన్ని రెజిన్ జిగురులో బిగించింది. మర్నాడు దాన్ని అద్దంలా సానబట్టి మైక్రోస్కోపు కింద పెట్టింది.

అడుగున చెట్లు. మానులు నలిగి, అణిగి, బూడిదరంగు పట్టీలుగా మెరుస్తున్నాయి. అంటే నీళ్లలో పాదాలు ఆనించి నిలబడ్డ అడవి. ఈ గనిలో ఎక్కడైనా కనిపించేదే. కొంచెం పైకి జరిపింది. పట్టీలు సన్నబడి తెగిపోయాయి. నీళ్లు పెరిగాయి, అడవి చచ్చింది. ఇంకా పైకి జరిపి నీలి దీపం వేసింది.

చీకట్లో పసుప్పచ్చని చుక్కలు వెలిగాయి.

నాచు. ఏ గాలీ కదపని నీళ్లలో బతికి, అడుగుకు దిగి, బొగ్గులో చిక్కుకున్న నాచు. వందల కళ్లు కింది నుంచి తననే చూస్తున్నట్టనిపించి ఆమె చటుక్కున తలెత్తింది.

ఇలా నాచు పేరుకున్న కోట్ల ఏళ్ల నాటి చెరువు పొర ఈ గనిలో ఒక్క చోటే ఉంది, ఉత్తరపు మూల. పదేళ్ల కిందట అక్కడి సొరంగాల్లోకి నీళ్లు విరుచుకుపడితే గోడ కట్టి మూసేశారు. నాన్న ఆ నీళ్లలోనే ఉండిపోయాడు. ఒళ్లు కూడా దొరకలేదు. మ్యాపు ప్రకారం తమ్ముడి సొరంగం అక్కడికి చాలా దూరం.

పెళ్ల అంచు చూసింది. పగుళ్ల వెంట మసకబారిన చారలు. కొత్తగా కొట్టిన బొగ్గుకు అవి ఉండవు. ఏళ్ల తరబడి గాలికీ నీటికీ ఒరుసుకుంటేనే వస్తాయి.

ఈ పెళ్ల తమ్ముడు తవ్వే చోటిదే. అంటే మునిగిన సొరంగం వాడి ఎదురుగానే ఉంది. వాడిప్పుడు కిందే ఉన్నాడు.

ఫోనందుకుంది.

"చెప్పండి మేడమ్, తొందరగా. కాసేపట్లో బ్లాస్టింగ్," అన్నాడు మేనేజరు.

"ఆపండి సార్. తమ్ముడు తవ్వే సొరంగం ముందు నీళ్లున్నాయి."

"మ్యాపులో లేవే!"

"మ్యాపు తప్పు. బొగ్గులో నాచు కనిపించింది."

"నాచా? గోడలకు పట్టేదేగా? దానికోసం పని ఆపానంటే పైవాళ్లు నా తోలు వలుస్తారు."

"పేల్చకముందు సన్నటి బోరు కొట్టించండి, చాలు. పొడిగా వస్తే నా కుర్చీ తీసి గేటు బయట పడేయండి."

ఆమె ఫోనును రెండో చెవికి మార్చింది.

"ఆ రోజు షిఫ్టు ఇన్‌ఛార్జి మీరే కదా సార్. నాన్న మిమ్మల్ని నమ్మే దిగాడు. ఇవాళ తమ్ముడున్నాడు."

"...పెట్టేయండి. మనుషుల్ని వెనక్కి లాగుతున్నా."

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా గని నోటికి పరిగెత్తింది. లిఫ్టు పైకొచ్చిన ప్రతిసారీ మొహాలు వెతికింది. అన్నీ ఒకేలా నల్లగా ఉన్నాయి. ఆఖరి లిఫ్టులో, నిలువునా తడిసిన ఒక మొహం పళ్లికిలించింది.

"బోరు మూరెడు పోయిందో లేదో, కడ్డీ బాణంలా వెనక్కొచ్చిందక్కా! వెనకే నీళ్లు. ఆ రంధ్రంలో చెక్క మేకు దిగ్గొట్టి పరుగో పరుగు. పేల్చి ఉంటే ఈపాటికి అందరం నాన్న దగ్గరుండేవాళ్లం. నీ నాచుకో దండం!"

"దండం నీకు నువ్వే పెట్టుకో. పెళ్ల తెచ్చింది నువ్వేగా. బాణం కూడా వేశావు."

"ఏ పెళ్ల?"

"నిన్నటిది."

"నిన్న మర్చిపోయానే! నువ్వు తిడతావనేగా డబ్బా పడేసి చల్లగా జారుకున్నాను."

"వేళాకోళమా?"

"నీ మీదొట్టు. డబ్బా నేనే కడిగి మూత పెట్టాను. ఖాళీ."

ఆమె ల్యాబులోకి నడిచింది. తమ్ముడు వెనకే వచ్చాడు.

కోయగా మిగిలిన సగం బల్ల మీదుంది. బాణం. అడుగున అడ్డగీత. చదువుకునే రోజుల్లో ఆమెకు పెళ్లలు తెచ్చింది నాన్నే. "గీత నేల, బాణం ఆకాశం తల్లీ. తికమకపడకు," అనేవాడు. ఆ అడ్డగీత సంగతి ఆమె తమ్ముడికి ఎన్నడూ చెప్పలేదు.

పెళ్లను దీపం కింద తిప్పింది. ఒక ముఖం నాని, మసకబారింది. ఎదుటి ముఖం తళతళలాడే కొత్త విరుపు. పెళ్ల విరిస్తే సొరంగం వైపున్న ముఖమే పాతది, గోడలోంచి ఊడిన వెనకభాగం కొత్తది. తమ్ముడు తవ్వే చోట గోడ నిన్నగాక మొన్నటిది. ఈ ముఖం ఏళ్లకేళ్లు నీళ్లలో ఉంది.

ఎవరో ఆ బొగ్గు గోడను నీళ్లున్న అవతలి వైపు నుంచి కొట్టారు.

"అక్కా, ఇంటికి పోదామా?" అన్నాడు తమ్ముడు.

ఆమె పెళ్లను బాణం పైకుండేలా నిలబెట్టింది. పొడి బల్ల మీద, దాని కింద, చెమ్మ మెల్లగా పాకడం మొదలుపెట్టింది.