బొగ్గుబండి దగ్గర కాపలా

నేను వట్టి వాగుడుకాయని. మా మెకానిక్ షెడ్డులో ఇంజన్లన్నీ ఆపినా నా నోరు ఆగదని వదిన ఎప్పుడూ దెప్పేది. అలాంటివాణ్ణి జీవితంలో ఒకే ఒక్క అరగంట నోరు మూసుకున్నాను. నా పాడు బుద్ధి తగలెయ్య, అది ఆ రోజే కావాలా?

మా నాన్న డ్రైవరు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క, కారు వెనకాల పొయ్యి బిగించి, బొగ్గు కాల్చి, దాన్నించి వచ్చే గ్యాసుతో నడిపేవాళ్ళట. అలాంటి కారునొకదాన్ని నాన్న తుక్కు ధరకి కొని అన్నకీ నాకూ వదిలిపోయాడు. మలుపు తిరిగేటప్పుడు తలుపు పక్కనుంచి చెయ్యి చాపినట్టు చిన్న ఎర్రరేకు బయటికొచ్చేది. రబ్బరు బుడగ నొక్కితే హారన్ మోగేది. నాకది ముచ్చటైన పాత కారు. అన్నకి మాత్రం అది సాక్షాత్తూ నాన్నే.

ఆ గ్యాసు మహా చెడ్డది. కంటికి కనబడదు, ముక్కుకి తెలియదు, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే చంపేస్తుంది. అందుకే నాన్న ఒక పద్ధతి పెట్టాడు. పొయ్యి రాజేసేవాడు షెడ్డులో ఉంటే రెండోవాడు బయట బెంచీ మీద కూర్చోవాలి. బయటివాడు ఏదో ఒకటి చెబుతూనే ఉండాలి, లోపలివాడు ఊఁ కొడుతూనే ఉండాలి. ఊఁ ఆగిందా, లోపలికి దూకి కాళ్ళు పట్టి ఈడ్చుకురావాలి. ముప్ఫై ఏళ్ళు నేనే చెప్పాను, అన్నే ఊఁ కొట్టాడు.

పోయినేడు పాత కార్ల ఊరేగింపుకి మమ్మల్ని పిలిచారు. నడిరోడ్డు మీద బండి ఆగిపోయి పరువు పోతుందని భయపడి, అన్నకి తెలియకుండా సీటు కింద చిన్న పెట్రోలు డబ్బా బిగించాను. అన్న కంట పడనే పడింది.

"నాన్న బండికి దొంగతనంగా పెట్రోలు పోస్తావా? సిగ్గు లేదురా నీకు?"

"ఆగిపోతే తోసేదెవరు, నువ్వా? నీ మోకాళ్ళ సంగతి మర్చిపోయావా?"

"నా బండిని ముట్టుకోకు!"

నా బండి! నాన్న ఇద్దరికీ కదా ఇచ్చింది? ఒళ్ళు మండిపోయింది. మూడు రోజులు ఊరందరితో వాగాను గానీ, మా మధ్య మాటల్లేవు.

ఊరేగింపు రోజు పొద్దున్నే వాన. అన్న షెడ్డులోకి వెళ్ళి పొయ్యి రాజేశాడు. నేనూ వెళ్ళి బయట చూరు కింద బెంచీ మీద కూర్చున్నాను. జల్లు పొయ్యి మీద పడుతోందని అన్న షట్టరు ముప్పావు వంతు కిందికి దించాడు. ఇంకో రోజైతే "చస్తావు అన్నా, పైకెత్తు!" అని కేకలేసేవాణ్ణి. ఆ రోజు పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. అన్నే ముందు మాట్లాడాలి, అంతే.

లోపల పొయ్యికి గాలి కొట్టే మర హ్యాండిల్ గరగరా తిరుగుతోంది. కాసేపటికి అన్న గొంతు వినిపించింది.

"ఊఁ."

నేనేమీ చెప్పకుండానే ఊఁ కొట్టాడు. రాజీకొస్తున్నాడని నాకు తెలుసు. తెలిసే బెట్టు చేశాను. ఇంకోసారి బతిమాలనీ అనుకున్నాను.

హ్యాండిల్ చప్పుడు ఆగింది. తర్వాత స్పానర్ నేల మీద పడింది. నా మీద కోపం దాని మీద చూపిస్తున్నాడనుకుని, నేను కూడా మొహం తిప్పుకుని వాన చూస్తూ కూర్చున్నాను.

వదిన గొడుగేసుకుని వచ్చింది.

"ఏంటయ్యా, ఇద్దరూ ఇంత నిశ్శబ్దంగా ఉన్నారు? ఆయనేడీ?"

అప్పుడు దూకాను. షట్టరు ఎత్తేశాను. అన్న పొయ్యి పక్కన బోర్లా పడి ఉన్నాడు. కాళ్ళు పట్టి వానలోకి ఈడ్చాను. నాన్న నేర్పినట్టే ఈడ్చాను, అరగంట ఆలస్యంగా.

ప్రాణం దక్కిందన్నారు డాక్టర్లు. మిగతాది దక్కలేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం అన్నని తీసుకొచ్చి ఆ బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చుని చెబుతూ ఉంటాను. ఎవరి కారు ఎందుకు మొరాయించిందో, వదిన నన్నెలా తిట్టిందో అన్నీ చెబుతాను. వదిన తిట్టడం లేదు. అసలు నాతో మాట్లాడటమే లేదు. అన్నకి అది చెప్పను. నేనేం చెప్పినా ఊఁ కొడతాడు. అన్నం తింటావా అన్నా ఊఁ, బండి అమ్మేశామన్నా ఊఁ.

నిన్న ఉండబట్టలేక అడిగేశాను.

"అన్నా, ఆ రోజు నేనొక్క మాట మాట్లాడుంటే నీకీ గతి పట్టేది కాదు కదా?"

అన్న నా వైపే చూశాడు.

"ఊఁ," అన్నాడు.