విరిగిన సూది

తిరుమల్ మిషన్ తొక్కుతూనే ఒక కన్ను నేల మీద వేసి ఉంచాడు. మనవరాలు పాకడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆయనకు సగం కుట్టు, సగం కాపలా. కత్తెర గూట్లోకి ఎక్కింది. ఇస్త్రీపెట్టె అల్మారా మీదికి పోయింది. ప్లగ్గుల మీద టేపు అతికించాడు. చక్రంలో చిట్టివేళ్లు పడతాయని మిషన్ పక్కన అట్ట కట్టాడు. పొద్దున్నే అయస్కాంతం పట్టుకుని మోకాళ్ల మీద గదంతా తిరిగి గుండుసూదులు ఏరుతున్నాడు. అయినా భయం తీరలేదు. కొడుకు విజయేందర్ లారీ మీద పోతే వారాల తరబడి రాడు. కోడలు కల్పలత ఏ.ఎస్. రావు నగర్‌లో బట్టల షాపుకు పోతుంది. మల్కాజ్‌గిరిలోని ఆ రెండు గదుల్లో పగలంతా తాతా మనవరాలే.

తిరుమల్ సన్నటి మనిషి. మెడ మిషన్ వైపు వంగి అట్లాగే ఉండిపోయింది. కత్తెర పట్టి పట్టి కుడి బొటనవేలి గోరు మందంగా, పక్కకు తిరిగి ఉంటుంది. మీసాలు రాకముందే కాజాలు కుట్టడానికి కూర్చున్నవాడు. పెళ్లి, భార్య చావు, కొడుకు చదువు, అన్నీ మిషన్ ముందు కూర్చునే దాటాడు.

ఆ రోజు కుడుతున్న స్కూలు ప్యాంటు నడుంపట్టీ మందంగా ఉంది. టక్కుమంది. సూది విరిగింది. పై ముక్క మిషన్‌లోనే ఉంది. మొన ఉన్న ముక్క కనబడలేదు.

చాప మీద పాప ఏదో నములుతోంది.

ఒక్క అంగలో వెళ్లి నోట్లో వేలు పెట్టి వెతికాడు. ఏమీ తగల్లేదు. పాప గుక్కపట్టి ఏడ్చింది, దగ్గింది. చొంగలో సన్నటి ఎర్రజీర కనిపించింది. తిరుమల్ ఫోన్ అందుకున్నాడు.

"అమ్మా కల్పలతా," అన్నాడు. "బిడ్డె సూది మింగిందేమో. మల్కాజ్‌గిరి దవాఖానకు తీస్కపోతున్న. సీదా ఆడికే రా."

"ఏందీ మామయ్యా? ఏం సూది?"

ఫోన్ పెట్టేశాడు. పాపను భుజాన వేసుకుని ఆటో ఎక్కాడు. భుజం మీది తువ్వాలతో దాని మూతి తుడుస్తూ, ప్రతిసారీ ఎరుపు కోసం చూస్తూ కూర్చున్నాడు. దారిలో పాప ఏడుపు ఆపింది. ఆ ఊరుకోవడం ఏడుపుకన్నా ఎక్కువ భయపెట్టింది.

"ఏడువు బిడ్డా, జెర ఏడువు," అని వీపు నిమిరాడు.

ఎక్స్‌రే తీసేసరికి కల్పలత షాపు యూనిఫాంలోనే పరుగెత్తుకొచ్చింది. పాపను లాక్కుని గుండెకు అదుముకుంది.

"లోపల ఏమీ లేదు," అన్నాడు డాక్టరు. "పన్ను వస్తోంది. చిగుళ్లకు ఎవరిదో గోరు గీసుకుంది."

తిరుమల్ తన బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు.

ఇంటికొచ్చాక ఇద్దరూ అయస్కాంతం తిప్పి, తడిగుడ్డతో నేలంతా తుడిచారు. ముక్క దొరకలేదు. కల్పలత పాపను కిందికి దించలేదు. తిరుమల్ మొహం కడుక్కుని తువ్వాలతో ఒత్తుకోబోయాడు. చెంపకు చురుక్కుమంది. తువ్వాల మడతలో సూదిమొన, తళుక్కున.

పారేస్తే ఎవరికీ తెలియదు. కానీ అరచేతిలో పెట్టుకుని కోడలి ముందుకు వచ్చాడు.

"నా భుజం మీదనే ఉన్నది తల్లీ. గీ తువ్వాలతోనే దాని మూతి తుడిసిన."

కల్పలత ఆ ముక్కను చూసింది. "ఏం గాలేదు గద మామయ్యా. పోనియ్యుండ్రి," అంది. అంటూనే పాపను ఇంకాస్త దగ్గరకు లాక్కుంది. తిరుమల్ ఆ చేతినే చూశాడు.

చీకటి పడకముందే వీధి చివర టైలరు అజ్మత్‌ను పిలుచుకొచ్చాడు.

"మిషన్ తీస్కపో భాయ్. నీ దుకాణంల పెట్టుకో."

"మరి నువ్వేం జేస్తవ్?"

"బిడ్డెను జూస్కుంట."

"వాపస్ గావాలంటె?"

తిరుమల్ మిషన్‌కు ఒకవైపు చెయ్యి వేశాడు. ఇద్దరూ ఎత్తారు. గడప దాటుతున్నప్పుడు చక్రం దానంతటదే సగం చుట్టు తిరిగి ఆగింది.

తిరిగొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ ఆడే కాళ్లు ఏం చేయాలో తెలియక ముడుచుకున్నాయి. కల్పలత మెల్లగా పాపను నేల మీదికి దించింది. ఖాళీ అయిన మూలలో, మిషన్ ఊగకుండా ఎప్పుడో ఒక కాలి కింద మడిచిపెట్టిన నీలం యూనిఫాం గుడ్డముక్క, చెక్కలా గట్టిపడి, నడుమ ఇనుపకాలు దిగిన గుంటతో, అట్లాగే ఉంది.