చోడోరా ప్రైవేట్ లిమిటెడ్

రాజాం డిగ్రీ కాలేజీలో రాజకుమారి పదమూడేళ్లుగా కామర్స్ చెబుతోంది. కొత్త కంపెనీకి పేరు ఎలా పెట్టాలి, ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నట్టు రాయాలి అన్నవి ఆమె కళ్లు మూసుకుని చెప్పేసే పాఠాలు. తీరా సొంత కంపెనీ దగ్గరకొచ్చేసరికి సరిగ్గా ఆ రెండింటిలోనే బోల్తా పడింది. ఆ సంగతి స్టాఫ్‌రూములో ఇంకెవరో చెప్పేలోగా తనే చెప్పేసుకునేది.

సరుకు మాత్రం ఆమెది కాదు. ఆడపడుచు తవిటమ్మ గరివిడిలో చోళ్లు, అంటే రాగులు, నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి ఆడించేది. ఒకసారి ఆ పిండితో అంబలి కాచుకున్నవాళ్లు మళ్లీ గిన్నె పట్టుకుని ఆవిడ గుమ్మంలోకి వచ్చేవారు.

"కంపెనీ పెడదాం వదినా. ఇద్దరం డైరెక్టర్లం," అంది రాజకుమారి.

"డైరెట్రంటే ఏటి సెయ్యాల?"

"సంతకాలు పెట్టాలి."

"మరి పిండెవులు ఆడతారే?"

రాజకుమారి అప్పటికే పేర్లు రాయడానికి నోటుపుస్తకం తెరిచింది.

చోడిపిండి కంపెనీ అని పెట్టేద్దామంది తవిటమ్మ. రాజకుమారికి అది నామోషీగా తోచింది. 'గ్లోబల్' అన్న మాట తగిలించి రెండు ఇంగ్లీషు పేర్లు రాసి, విజయనగరంలో ఆడిటర్ నారాయణమూర్తి చేతికిచ్చింది. అలాంటివి ఇప్పటికే ఉన్నాయని రిజిస్ట్రేషన్ ఆఫీసువాళ్లు రెండూ తిరగ్గొట్టారు. మరో రెండు పంపితే వాటికీ అదే గతి పట్టింది. దేశంలో ఇంతమంది తనలాగే ఆలోచిస్తున్నారని తెలిసి ఆమె కొంచెం నొచ్చుకుంది. వారం రోజులు నోటుపుస్తకం ఖరాబు చేసి, చోడికి, ఇంగ్లీషులో కాంతివలయం అనే అర్థమున్న 'ఓరా' అతికించి 'చోడోరా' అని తయారుచేసింది. రెండు రోజుల్లో ఒప్పేసుకున్నారు. అదంతా తన ప్రతిభే అనుకుంది. ఆ పేరు మరెవరికీ అక్కర్లేకపోయిందేమో అన్న అనుమానం అప్పుడు రాలేదు.

"ఆఫీసు గరివిడేనా అమ్మా? కరెంటు బిల్లు ఒకటిస్తే చాలు," అన్నాడు నారాయణమూర్తి.

"హైదరాబాద్. అక్కడ మా ఫ్రెండు అనూరాధ ఫ్లాటుంది, అడ్రసు వాడుకోమంది. కవరు మీద హైదరాబాద్ అని ఉంటే ఆ లెక్కే వేరండీ."

"రాష్ట్రం మారిపోతుందమ్మా. మళ్లీ వెనక్కి తేవాలంటే చాలా తతంగం."

"నాకు తెలుసండీ. నేను చెప్పే సబ్జెక్టే కదా."

నిజానికి ఆఫీసును ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చే పాఠాన్ని ఆమె ఏటా, పరీక్షకు రాదులెమ్మని వదిలేస్తుంది. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

కవర్లు అచ్చయి వచ్చాయి. రాజాంలో ఒక దుకాణంలో పెట్టించి, ఎలా పోతున్నాయో చూద్దామని కొనడానికొచ్చినదానిలా అక్కడే నిలబడింది. ఒకావిడ కవరు తిప్పి అడ్రసు చదివింది.

"హైదరాబాదోళ్లకి సోడి ఏటి తెలుస్తాది? కొనీకమ్మా. గరివిడిలో తవిటమ్మని ఒకాయమ్మున్నాది, ఆవిడ పిండి బాగుంటాది," అని రాజకుమారికే సలహా ఇచ్చి, కవరు అక్కడే పెట్టేసి వెళ్లిపోయింది.

తరవాతి వారం కొత్తవలసలో సరుకు తీసుకునే షాపాయన ధర్మేంద్ర ఫోన్ చేశాడు. "మేడమ్, ఏటీ అనుకోకండి. ఇక్కడ రైల్వే క్వార్టర్స్ హిందీవోళ్లు కవరు సూసి నవ్వుతన్నారు. ఆళ్ల బాసలో 'ఛోడో' అంటే 'వదిలెయ్' అనంట, మన 'రా' కూడా కలిసి 'వదిలెయ్‌రా' అయిపోనాది. అలాగే వదిలేసి పోతన్నారు."

ఫోన్ పెట్టేసి రాజకుమారి ఒక కవరు తీసి చూసింది. కొనకండి అని అందంగా, రంగుల్లో, తన ఖర్చుతోనే అచ్చు వేయించింది. నవ్వొచ్చింది గానీ, తవిటమ్మకు ఏం చెప్పాలో తలుచుకుంటే ఆ నవ్వు సగంలోనే ఆగింది.

నారాయణమూర్తి దెప్పలేదు. ఆఫీసు వెనక్కి తేవాలంటే పేపర్లో ప్రకటనలు, పై అధికారుల అనుమతి, కాగితాల మీద కాగితాలు అని ఓపిగ్గా చెబుతుంటే, ఆమె స్టూడెంటులా నోట్స్ రాసుకుంది. ఆఫీసు తెలంగాణ నుంచి గరివిడికి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఈలోపు తవిటమ్మ ఎప్పటిలాగే గిన్నెలకు పిండి కొలిచి పోస్తూనే ఉంది.

ఇక పేరు మార్చాలి. "తవిటమ్మ ఫుడ్స్ అని పెడదాం వదినా. జనం నీ పేరే అడుగుతున్నారు," అంది రాజకుమారి.

తవిటమ్మ తల అడ్డంగా ఊపింది. "పిండైపోయాక కవరేటి సేత్తారు? మురుక్కాలవలో ఇసిరేత్తారు. ఊరందరి మురుక్కాలవల్లోనూ నా పేరెందుకే? నీ పేరెట్టుకో."

రాజకుమారికి మురుక్కాలవలో తేలుతున్న తన పేరు అప్పటికే కళ్లకు కట్టింది. గ్లోబల్ అవుదామనుకున్న మనిషికి వీధి కాలవ దాకా వెళ్లడానికి ధైర్యం చాలలేదు.

ఇద్దరూ ఒకేసారి అరుగు మీదకు చూశారు. అక్కడ రాజకుమారి భర్త, తవిటమ్మకు తమ్ముడు, జగన్నాధం పేపరు చదువుకుంటున్నాడు. ఈ వ్యవహారంలో అతను ఇంతవరకూ ఒక్క సంచీ కూడా మోయలేదు.

"ఒరే తమ్ముడూ, కంపెనీకి నీ పేరెట్టేమంటే ఒప్పుకుంతావేటి?" అంది తవిటమ్మ.

జగన్నాధం పేపరు మడిచి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరింత అభిమానంగా అడిగితే కాదంటానా," అన్నాడు.

జగన్నాధం ఫుడ్స్ కవర్లు ఇప్పుడు బాగానే అమ్ముడవుతున్నాయి. ఎవరు కనిపించినా అతను ఒక కవరు తీసి చూపిస్తాడు. తన పేరే ఎందుకు పెట్టారని ఈమధ్య ఒకసారి భార్యను అడిగాడు. ఇంటి పెద్దవని, అంది రాజకుమారి.