పదిహేడుకు లొంగని సంఖ్య

నేను ఒక సంఖ్యను. పేరు పొడుగు, ఊపిరి పీల్చుకుని వినండి: యాభై ఎనిమిది లక్షల ఎనభై రెండు వేల మూడు వందల యాభై మూడు. నన్ను చేసిన కంసాలి లేడు, పోసిన అచ్చు లేదు. మీ తాతముత్తాతలు వేళ్లు లెక్కపెట్టుకోవడం నేర్వకముందే నేనున్నాను. ఒకటీ నేనూ తప్ప నన్ను శేషం లేకుండా భాగించే మొనగాడు పుట్టలేదు, ఇక పుట్టడు. కావాలంటే 588 అనీ 2353 అనీ నన్ను రెండుగా నరకండి. ఒక్కో ముక్కనూ దానితోనే గుణించి, వచ్చిన రెండూ కూడండి. మళ్లీ నేనే! గొప్పలు కాదు, కాగితం తీసి చూసుకోండి.

అయినా మనుషులకు ఇవేవీ పట్టవు. ఒకసారి లాటరీ టికెట్టు మీద ఉన్నాను. కొన్న పెద్దమనిషి నా అంకెలు కూడి, మళ్లీ కూడి, ఏడొచ్చింది, తొమ్మిది రాలేదని పెదవి విరిచి నన్ను బావమరిదికి అంటగట్టాడు.

చివరికి తణుకులో యజ్ఞేశ్వర్రావు మాస్టారి నోట పడ్డాను. ఆయన లెక్కల్లో దిట్ట. నన్ను పదిహేడుతో గుణిస్తే పది కోట్ల ఒకటి వస్తుంది. అంటే పదిహేడు భాగించేది ఆ పది కోట్ల ఒకటిని, నన్ను కాదు. ఆయన ఎప్పుడో దాన్ని తిరగేసి గుర్తుపెట్టుకుని, పదిహేడు నన్నే భాగిస్తుందని శిష్యులందరికీ నూరిపోశారు. నాకు ఒళ్లు మండేది. నా మాట వినేదెవరు?

ఆ శిష్యుల్లో ఒకమ్మాయి కుముదవల్లి. ఆ రోజు ఆమె మొదటి గణితావధానం. వేదిక మీద కూర్చుని, పృచ్ఛకులు అడిగే లెక్కలకు కాగితం ముట్టకుండా జవాబు చెప్పాలి. తప్పితే ఊరంతా నవ్వుతుంది. పిల్ల బెదిరిపోకుండా తెలిసిందే అడుగుదామని మాస్టారే మొదటి పృచ్ఛకుడిగా కూర్చున్నారు. పాపం, ప్రేమకొద్దీ అడిగింది నన్నే.

“చెప్పవే అమ్మాయ్, దీన్ని ఏది భాగిస్తుంది?”

కుముదవల్లి మాస్టారికేసి చూసింది. పదిహేడంటే చాలు, చప్పట్లు మోగుతాయి, గురువు మాట నిలుస్తుంది. నాకే గుండె ఉంటే ఆ క్షణం ఆగిపోయేది.

“ఏదీ భాగించదండి, మాస్టారూ.”

సభలో గుసగుసలు. అవధానిని ఆటపట్టించడమే పనిగా పెట్టుకున్న అప్రస్తుత ప్రసంగి అందుకున్నాడు. “ఏవమ్మా, తాతకే దగ్గులు నేర్పుతున్నావా?”

“పదిహేడు కాదుటే?” అన్నారు మాస్టారు.

“పదమూడు మిగులుతుందండి.”

మాస్టారు కాగితం మీద భాగించారు. పదమూడే మిగిలింది.

“నేను నేర్పినప్పుడే నీకు తెలుసా?”

“ఆ సాయంత్రమే ఇంటికెళ్లి వేసి చూశానండి.”

“మరి చెప్పలేదేం?”

“మీరు నేర్పుతుంటే ఎలా చెప్పనండీ? ఇవాళ మీరే అడిగారు కదా.”

మాస్టారు లేచి నిలబడ్డారు. కోప్పడతారనే అందరూ అనుకున్నారు. ఆయన సభకేసి తిరిగారు. “నా దగ్గర చదువుకున్నవాళ్లు ఎవరున్నా దిద్దుకోండి. నేను తప్పు చెప్పాను. దీన్ని ఏదీ భాగించదు.” ఆ తర్వాత శిష్యురాలికి చేతులు జోడించారు. “మీ సమాధానం సరైనదండి, అవధానిగారూ.”

అంతసేపూ చెదరని కుముదవల్లి అప్పుడు బావురుమంది.

ఎవరికీ లొంగకపోవడం నా పుట్టుకలోనే ఉంది, అందులో నేను పడ్డ కష్టమేమీ లేదు. అంతమంది ముందు తప్పు ఒప్పుకోవడం మాత్రం, నిజం చెప్తున్నాను, నావల్ల కాదు.